మన సౌకర్యం బరువు మోసేదెవరు?

వాహనంలోనో, కరెంటు పోయినప్పుడు ఆదుకునే ఇన్వర్టర్‌లోనో కొన్నేళ్ళు పనిచేసి, ఇక ఛార్జి నిలవని సీసపు బ్యాటరీని ఏం చేయాలని అడిగితే, పర్యావరణం గురించి కాస్తో కూస్తో తెలిసినవాళ్ళందరూ తడుముకోకుండా ఒకే జవాబు చెబుతారు: పారేయకూడదు, రీసైక్లింగ్‌కు ఇవ్వాలి. జవాబులో తప్పు లేదు. సీసాన్ని ఎన్నిసార్లయినా కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. ప్రపంచంలో వినియోగమవుతున్న సీసంలో సుమారు 85 శాతం ఇటువంటి బ్యాటరీల్లోకే పోతోంది కాబట్టి, పాత బ్యాటరీ తిరిగి కొలిమికి చేరితే కొత్తగా నేలను తవ్వే అవసరం ఆ మేరకు తగ్గుతుంది. అయితే ఆ కొలిమి ఎక్కడ ఉంది, ఎవరి ఇళ్ళ మధ్య ఉంది, దాని ముందు కూర్చున్న మనిషి ముక్కుకూ నోటికీ అడ్డంగా ఏమైనా ఉందా అన్న సంగతి మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు.

సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో తియారాయ్-సుర్-మేర్ అనే చోట 2007 నవంబరుకూ 2008 మార్చికీ మధ్య 18 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ ఏళ్ళ తరబడి పాత బ్యాటరీలను పగలగొట్టి సీసం తీసేవారు. ఆ పొడి ఇసుకలో కలిసిపోయింది. ఆ ఇసుకను జల్లించి, మిగిలిన సీసాన్ని ఏరి అమ్ముకోవడం కొన్ని కుటుంబాల ఆడవాళ్ళకు ఆదాయమార్గమైంది. తల్లులు జల్లిస్తున్న చోటే పిల్లలు ఆడుకున్నారు. పెద్దవాళ్ళతో పోలిస్తే చిన్నపిల్లల ఒళ్ళు, కడుపులోకి పోయిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ప్రాణం తీసే మోతాదు కాకపోయినా మెదడు ఎదుగుదలను దెబ్బతీయడానికి కొద్దిపాటి సీసం చాలు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, అంటే దాదాపు 80 కోట్ల మందిలో, డెసిలీటరుకు, అంటే వంద మిల్లీలీటర్లకు, 5 మైక్రోగ్రాములు లేదా అంతకుమించి సీసం ఉందని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా కట్టాయి. అందుకు అవి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, ఎటువంటి నియంత్రణా లేకుండా సాగుతున్న ఈ బ్యాటరీల కరిగింపే.

ఇక్కడ గమనించవలసిన లెక్క ఒకటి ఉంది. పాత బ్యాటరీకి అందరికంటే ఎక్కువ ధర ఇవ్వగలిగేది తరచుగా ఏ అనుమతులూ లేని కొలిమివాడే. పొగను వడకట్టే యంత్రాలకు, ఆమ్లాన్ని శుద్ధి చేయడానికి, పనివాళ్ళ మాస్కులకు, రక్తపరీక్షలకు అతను ఖర్చు పెట్టడు. ఆ మిగులులో కొంత మనకు అదనపు ధరగా చేతికి వస్తుంది. అంటే మనం గట్టిగా బేరమాడి సంపాదించామనుకున్న ఆ కాస్త డబ్బు, ఇంకెవరి ఊపిరి మీదో మిగిల్చినది. కొత్త బ్యాటరీ కొన్న చోటే పాతదాన్ని అప్పగించి, అది లైసెన్సు ఉన్న కేంద్రానికి వెళుతుందని రసీదు అడగడం వల్ల చేతికి వచ్చేది తగ్గితే తగ్గనివ్వండి. ఆ తగ్గింపే సక్రమమైన రీసైక్లింగ్‌కు అసలు ధర.

బ్యాటరీతో ఎందుకు మొదలుపెట్టానంటే, పర్యావరణ బాధ్యతనూ సామాజిక న్యాయాన్నీ మనం రెండు వేరువేరు అరల్లో సర్దుకుని మాట్లాడుతున్నామని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. మొదటి అరలో చెట్లు, నదులు, గుడ్డ సంచులు, సౌరఫలకాలు; రెండో అరలో కూలి, వివక్ష, హక్కులు. నిత్యజీవితంలో ఈ రెండూ ఒకే వస్తువులో, ఒకే నిర్ణయంలో ముడిపడి ఉంటాయి. అందుకే ఒక వస్తువును కొనేటప్పుడూ, వాడేటప్పుడూ, వదిలించుకునేటప్పుడూ ‘ఇది పర్యావరణానికి మంచిదా, కాదా’ అన్న ప్రశ్నకు ముందు నేను వేసుకునే ప్రశ్న వేరు: నా మీద నుంచి దిగిపోతున్న ఈ బరువు ఎవరి మీదికి ఎక్కుతోంది? దానికి కొసరుగా మరో రెండు: వాళ్ళను ఎవరైనా అడిగారా? ఈ సౌకర్యంలో వాళ్ళకు వాటా ఉందా?

ఇది నేను కనిపెట్టిన ప్రశ్న కాదు. అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో 1978లో కొందరు పీసీబీ అనే విషరసాయనం కలిసిన నూనెను రాత్రివేళల్లో రోడ్ల పక్కన వందల కిలోమీటర్ల మేర దొంగచాటుగా వదిలిపోయారు. కలుషితమైన ఆ మట్టినంతా తవ్వి ఒకచోట పూడ్చిపెట్టడానికి ప్రభుత్వం ఎంచుకున్నది వారెన్ కౌంటీని. అక్కడి జనాభాలో ఎక్కువమంది నల్లజాతివారు, పేదలు. 1982లో ఆ మట్టి లారీలకు అడ్డంగా జనం రోడ్డు మీద పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. పూడ్చివేత ఆగలేదు. అయితే ఆ పోరాటం వేయించిన ప్రశ్న ఆగలేదు. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ సంఘం వెలువరించిన నివేదిక, ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఎక్కడ వెలుస్తాయో చెప్పడానికి తాము పరిశీలించిన అంశాలన్నింటిలోకీ అక్కడి జనం జాతే బలమైన సూచికగా తేలిందని చెప్పింది. 1991లో వాషింగ్టన్‌లో సమావేశమైన శ్వేతేతర జాతుల ప్రతినిధులు పర్యావరణ న్యాయం పేరిట 17 సూత్రాలను ఆమోదించారు. చెత్త తనంతట తాను పల్లానికి పోదు. ఎదురుచెప్పే శక్తి ఎవరికి తక్కువగా ఉందో చూసుకుని అక్కడికే దాన్ని పంపిస్తారని ఆ చరిత్ర అంతా చెబుతోంది. ఇదే సూత్రం ఒక ఇంటి లోపల కూడా పనిచేస్తుందని గుర్తించడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఇంట్లో చెత్తను వేరుచేయడం గురించి చెప్పేవాళ్ళు సాధారణంగా ఎరువు గురించీ, చెత్తగుట్టల ఎత్తు గురించీ చెబుతారు. నాకు మాత్రం అది ప్రధానంగా చేతుల గురించిన విషయంగా కనిపిస్తుంది. నా ఇంటి గడప దాటిన సంచిని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చేత్తో విప్పుతారు. పగిలిన గాజును అందులో ఊరికే వేస్తే ఆ చేయి తెగుతుంది. కాబట్టి గాజుముక్కలను మందపాటి కాగితంలో చుట్టి, పైన పెద్ద అక్షరాలతో రాయాలి. వాడిన సూదులు, బ్లేడులు మూత బిగించే గట్టి డబ్బాలో పోవాలి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు విడిగా పొట్లం కట్టి గుర్తు పెట్టాలి. ఆహారం అంటిన డబ్బాలను కడిగి ఆరబెట్టాలి. ఇదేమీ శుచి వ్యామోహం కాదు. తడిసి కంపుకొట్టే కాగితాన్నీ, జిడ్డు పట్టిన ప్లాస్టిక్‌నీ ఎవరూ కొనరు కనుక, మనం కలిపేసిన ప్రతి సంచీ ఏరుకుని బతికేవారి ఆ రోజు సంపాదనలోంచి కొంత తీసేస్తుంది. నగరాలకు వీరు చేస్తున్నది సేవ అని, సేవకు ప్రతిఫలం ఇవ్వాలని ఒప్పుకున్న చోట్లు కూడా ఉన్నాయి. కొలంబియాలో వ్యర్థాలు ఏరేవారు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళి పోరాడిన ఫలితంగా, బొగోటా నగరం 2013 నుంచి వారు సేకరించిన బరువును బట్టి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. వారికి డబ్బు మాత్రమే కాదు, వృత్తిగా గుర్తింపూ దక్కింది. మనకు ఆ స్థాయి ఏర్పాటు అందుబాటులో లేకపోవచ్చు. కనీసం రోజూ మన చెత్త తీసుకెళ్ళే మనిషి పేరు తెలుసుకోవడం, చేతి తొడుగులు అందుతున్నాయా అని వారిని పనిలో పెట్టుకున్నవారిని నిలదీయడం మన చేతిలో ఉన్న పనులే.

రీసైక్లింగ్ మీద మనకున్న నమ్మకాన్ని కూడా కాస్త తగ్గించుకుంటే మంచిది. 2015 వరకు ప్రపంచంలో తయారైన ప్లాస్టిక్ సుమారు 830 కోట్ల టన్నులని, అప్పటికి వ్యర్థంగా మారిన దానిలో రీసైకిల్ అయింది 9 శాతమేనని 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కగట్టింది. మరో 12 శాతాన్ని కాల్చేశారు, మిగిలినదంతా గుంతల్లోనో బయటి ప్రకృతిలోనో ఉంది. సంపన్న దేశాలు దశాబ్దాలుగా తమ ప్లాస్టిక్ చెత్తను ఓడలకెత్తి చైనాకు పంపి, దాన్ని రీసైక్లింగ్ ఖాతాలో రాసుకున్నాయి. 2018లో చైనా తలుపు మూయగానే ఆ ఓడలు ఆగ్నేయాసియా రేవుల వైపు తిరిగాయి. వ్యర్థాల రవాణాను నియంత్రించే బాసెల్ ఒప్పందం 1989 నాటిదే అయినా, కలగాపులగంగా ఉన్న ప్లాస్టిక్ చెత్తను పంపాలంటే తీసుకునే దేశం ముందుగా అంగీకరించాలన్న సవరణ 2021 జనవరిలో గానీ అమల్లోకి రాలేదు. వాళ్ళను ఎవరైనా అడిగారా అన్న నా కొసరు ప్రశ్న, దేశాల మధ్య చట్టంగా మారడానికి అన్నేళ్ళు పట్టింది. కనుక నీలం డబ్బాలో వేశాం కదా అని తృప్తిపడే కన్నా, ఆ డబ్బాలోకి చేరే సరుకును తగ్గించడమే అసలు పని.

బట్టల విషయం ఇంతకంటే చిక్కైనది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. గోడలకు పగుళ్ళు వచ్చాయని అంతకుముందు రోజే తెలిసింది. కింది అంతస్తుల్లోని బ్యాంకునూ దుకాణాలనూ మూసేశారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టే కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. ఒకే పగులు, ఒకే భవనం. దాన్ని చూసి బయటికి నడిచే హక్కు కొందరికి ఉంది, కొందరికి లేదు. ఆర్డరు గడువు తప్పితే బేరం పోతుందన్న భయం ఆ కార్మికులను లోపలికి పంపింది. ఆ గడువును తరుముకొచ్చింది వారం వారం మారే ఫ్యాషన్. దాని చివరి కొస మన బీరువాలో ఉంది.

ఇటువంటివి విన్నప్పుడు మనసున్నవారికి వెంటనే తోచే పని బహిష్కరణ. అక్కడ తయారైనది ఇక కొననని ఒట్టు పెట్టుకోవడం సులువు. కానీ అక్కడి కార్మిక సంఘాల నాయకులు చాలామంది అప్పుడు అడిగింది అది కాదు. పని పోతే తమ కుటుంబాలే ముందుగా రోడ్డున పడతాయని, తమకు కావలసింది భద్రత ఉన్న పని అని వారు చెప్పారు. వారు కోరిన దారిలోనే వచ్చింది అకార్డ్ అనే ఒప్పందం: 2013 మేలో మొదలై 200కు పైగా బ్రాండ్లు సంతకం చేసిన ఆ ఒప్పందంలో కార్మిక సంఘాలకు సమాన స్థానం ఉంది, మాట తప్పిన కంపెనీని చట్టప్రకారం నిలదీసే వీలు ఉంది, తనిఖీ నివేదికలు అందరికీ కనిపించేలా పెట్టారు. ఎవరి న్యాయం కోసం మనం ఆరాటపడుతున్నామో, ఏం కావాలో వారినే అడగాలన్న చిన్న సంగతి ఎంత ముఖ్యమో నాకు దీనివల్ల తెలిసివచ్చింది.

అయితే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న మిగిలే ఉంది. భూమి కోసం బట్టలు తక్కువ కొంటే కుట్టేవారికి పని తగ్గదా? తగ్గుతుంది. ఈ వైరుధ్యాన్ని తెలివైన మాటలతో మాయం చేయడం నాకు ఇష్టం లేదు. నేను ప్రస్తుతానికి నిలబడిన చోటు ఇది: తక్కువ కొని, కొన్నదానికి ఎక్కువ పెట్టి, దాన్ని చాలాకాలం తొడగడం, ఏ కర్మాగారంలో కుట్టించారో జాబితా బయటపెట్టే బ్రాండును, పెట్టని బ్రాండు కంటే ముందు ఎంచుకోవడం, చిరిగితే కుట్టే మనిషి చేతికి ఆ పనిని ఇవ్వడం. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన ఆ డబ్బు కుట్టిన చేతికి చేరుతుందన్న భరోసా లేదని కూడా తెలుసు. ఖరీదైన బ్రాండుకూ చవక బ్రాండుకూ ఒకే కర్మాగారంలో కుట్టిన సందర్భాలు ఉన్నాయి. పాత బట్టలను దానం చేశామన్న తృప్తి మాత్రం నాకు ఇప్పుడు అంతగా లేదు. చిలీలో ఇకీకె రేవులో దిగిన పాత బట్టల్లో అమ్ముడుపోనివి దగ్గరి అటకామా ఎడారిలో గుట్టలుగా పడి ఉన్న దృశ్యాలను ప్రపంచమంతా చూసింది. ఎవరూ తొడుక్కోలేనిదాన్ని ఇవ్వడం దానం కాదు, చెత్తను చిరునామా మార్చి పంపడం.

ఎలక్ట్రానిక్ వస్తువుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, కథ ఇదే. 2022లో ప్రపంచంలో పోగైన ఈ వ్యర్థం 6.2 కోట్ల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లోకి వచ్చింది 22.3 శాతం. ఫోనును ఒక ఏడాది ఎక్కువ వాడటం, బ్యాటరీ మార్పించుకోవడం మనం చేయగల పనుల్లో అన్నిటికంటే పెద్దవి. విడిభాగాలు దొరకకుండా చేసే కంపెనీల సంగతి చట్టాలే చూడాలి. ఐరోపా సమాఖ్య 2025 జూన్ నుంచి స్మార్ట్‌ఫోన్ల విడిభాగాలను, ఆ మోడల్ అమ్మకాలు ఆగిన తరువాత కూడా ఏడేళ్ళపాటు అందుబాటులో ఉంచాలని నియమం పెట్టింది.

చల్లదనం గురించి మాత్రం కాస్త నిలబడి మాట్లాడుకోవాలి, ఎందుకంటే బరువు మారడం ఇంత నేరుగా కంటికి కనిపించే సందర్భం మరొకటి లేదు. ఏసీ వేడిని నాశనం చేయదు. గదిలోని వేడిని తీసి, తాను వాడిన కరెంటు వేడిని కూడా జోడించి బయటికి ఊదుతుంది. ఆ బయట నడిచేవారు, బండి మీద సరుకు అమ్మేవారు, పక్క ఇంట్లో ఫ్యాను కింద పడుకున్నవారు ఆ వేడిని తీసుకుంటారు. ప్రపంచంలో అత్యంత వేడి ప్రాంతాల్లో బతుకుతున్న 280 కోట్ల మందిలో ఏసీ ఉన్నవారు 8 శాతమేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో తెలిపింది. దీనర్థం ఏసీ పాపమని కాదు. వడగాలుల్లో వృద్ధుల, రోగుల ప్రాణాలు కాపాడేది కూడా అదే. కానీ సౌకర్యానికీ అవసరానికీ మధ్య ఉన్న ఆ నాలుగైదు డిగ్రీల తేడాను ఎవరు భరిస్తున్నారో తెలిసి మీట నొక్కడం వేరు, తెలియక నొక్కడం వేరు.

ఇందులో చాలామంది గమనించని మరో మెలిక వాయువుది. ఏసీల్లో విస్తారంగా వాడిన ఆర్-410ఏ అనే వాయువు, వందేళ్ళ లెక్కన, అదే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 2,088 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-32కు ఆ అంకె 675. ఆర్-290, అంటే ప్రొపేన్, ఆ వరుసలో దాదాపు లెక్కలోకి రాదు. ఇంట్లో వాడే ఒక ఏసీలో ఈ వాయువు అటూ ఇటూగా ఒక కిలో ఉంటుంది. మార్చేటప్పుడో, మరమ్మతు చేసేటప్పుడో ఆ కిలో ఆర్-410ఏను గాలిలోకి వదిలేస్తే, రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కుదిరిన కిగాలీ సవరణ ఈ రకం వాయువులను దేశాలవారీగా తగ్గించుకుంటూ పోవాలని నిర్దేశించింది. ఆ సవరణ మన ఇంటి గోడ దగ్గరికి వచ్చేది మెకానిక్ రూపంలో. వాయువును సిలిండరులోకి తిరిగి తీసుకునే పరికరం మీ దగ్గర ఉందా అని పిలిచేటప్పుడే అడగాలి, దానికి పట్టే అదనపు సమయానికి విడిగా డబ్బు ఇవ్వాలి. ఆ డబ్బు ఇవ్వకుండా అతని నుంచి పర్యావరణ స్పృహ ఆశిస్తే, మన మంచితనానికి ఖర్చు అతను భరించినట్టు అవుతుంది.

బట్టల సంగతి పక్కనపెడితే, ఇంతవరకు చెప్పినవాటిలో పర్యావరణం, న్యాయం ఒకే దారిన నడిచాయి. ఎదురుబొదురుగా నిలబడే సందర్భాలూ ఉన్నాయి, వాటిలోనే మనిషి తూకం తెలుస్తుంది. ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధాలు ఊపందుకున్న 2018 ప్రాంతంలో, అవి లేకుండా తాము తాగలేమని వికలాంగులు గొంతెత్తారు. కాగితం స్ట్రా నానిపోతుంది, లోహపు స్ట్రా నోటికి గాయం చేస్తుంది, వంచడానికి వీలు కాదు. వారి మాటను విన్న చోట చట్టం మెరుగైంది: ఇంగ్లండ్ 2020 అక్టోబరులో నిషేధం తెచ్చినప్పుడు అవసరమైనవారికి మందుల దుకాణాల్లోనూ, అడిగితే హోటళ్ళలోనూ ఇచ్చే వెసులుబాటు ఉంచింది. అప్పటివరకు తోటివారిని స్ట్రా చూసి తప్పుపట్టినవారికి, ఎదుటి మనిషి అవసరం ఎప్పుడూ కంటికి కనబడదన్న సంగతి తట్టలేదు. వంటచెరకు విషయం ఇంతకంటే పెద్దది. పొయ్యి పొగ వంటి ఇంటిలోని వాయు కాలుష్యం 2020లో సుమారు 32 లక్షల మంది మరణాలకు కారణమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగ మింగేది ఎక్కువగా ఆడవాళ్ళు, వారి పక్కన ఉండే పసిపిల్లలు. శిలాజ ఇంధనమన్న కారణంతో వారికి గ్యాసు అందడాన్ని ఆక్షేపించే వాదన నాకు ఎక్కడైనా ఎదురైతే, ఆ వాదించేవారు ఏ పొయ్యి మీద వండిన అన్నం తింటున్నారో అడగాలనిపిస్తుంది.

ప్రభుత్వాలు కూడా ఈ తూకం తప్పుతాయి. ఫ్రాన్స్‌లో 2018 నవంబరు 17న పసుపు చొక్కాలు తొడుక్కున్న జనం కూడళ్ళను దిగ్బంధించారు. కార్బన్ పన్ను కారణంగా డీజిల్ ధర పెరిగింది, ఇంకా పెరగనుంది; బస్సూ రైలూ లేని ఊళ్ళ నుంచి కారులోనే పనికి వెళ్ళక తప్పనివారి మీద అది గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. సంపన్నుల ఆస్తిపన్నును అంతకుముందే తగ్గించిన ప్రభుత్వం భూమి కోసం త్యాగం చేయమని వారిని అడిగింది. మరుసటి ఏడాది జనవరిలో రావలసిన పెంపు ఆ డిసెంబరులోనే రద్దయింది. న్యాయాన్ని పక్కనపెట్టిన పర్యావరణ విధానం పర్యావరణానికి కూడా పనికిరాకుండా పోవడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇవన్నీ పెద్ద వేదికల మీద జరిగినవి. ఇంటి లోపల కూడా ఒక చిన్న ఫ్రాన్స్ ఉంటుంది. ఇకపై డైపర్లు మానేద్దాం, గుడ్డలే వాడదాం. వాషింగ్ మెషీన్ తగ్గిద్దాం. చెత్తను నాలుగు రకాలుగా వేరుచేద్దాం. తయారుగా కొనేవన్నీ ఇంట్లోనే చేసుకుందాం. ఇటువంటి తీర్మానాలు చేసేది ఒకరు, వాటి చాకిరీ చేసేది మరొకరు. ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పనిలో 76.2 శాతం ఆడవాళ్ళే చేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క చెప్పింది. ఇంటి పనికి మరొకరిని పెట్టుకున్న ఇళ్ళలో ఆ బరువు ఇంకో మెట్టు కిందికి, వారి మీదికి దిగుతుంది; ఆమె పని గంట పెరుగుతుంది, జీతం పెరగదు. సోకు ఒకరిది, సొమ్ము ఒకరిది. మా ఇంట్లో ఈ విషయమై పెట్టుకున్న కట్టుబాటు ఒకటే: కొత్త అలవాటును ప్రతిపాదించిన మనిషే దాని పని చేయాలి. ఈ కట్టుబాటు వచ్చాక ప్రతిపాదనలు గణనీయంగా తగ్గాయని ఒప్పుకోవాలి. నిలిచినవి మాత్రం గట్టిగా నిలిచాయి.

ఇక, ఒక్కొక్క మనిషి ఇలా ఎంత చేస్తే ఏమవుతుందన్న ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. 2000ల మధ్యకాలంలో బీపీ చమురు కంపెనీ ప్రకటనలు మనందరికీ మన మన కార్బన్ పాదముద్రలను, అంటే ఒక్కొక్కరి వల్ల గాలిలో చేరే కార్బన్‌ను, లెక్కపెట్టుకోమని నేర్పాయి. చమురు అమ్మేవారు కొనేవారిని లెక్క రాసుకోమనడంలోని చమత్కారం సంగతి అలా ఉంచితే, తిలాపాపం తలా పిడికెడు అన్న ఆ పద్ధతిలో అసలు పొరపాటు పిడికిళ్ళన్నీ సమానమని అనుకోవడం. 2019లో ప్రపంచ కార్బన్ ఉద్గారాల్లో అత్యంత సంపన్నులైన ఒక శాతం మంది వాటా 16 శాతమని, అది దిగువనున్న 66 శాతం మంది మొత్తం వాటాతో సమానమని ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ 2023 నివేదికలో తేల్చింది. పూట గడవనివారికి పొదుపు గురించి ఉపన్యాసం ఇవ్వడం, విమానాల్లో తిరిగేవారిని గుడ్డ సంచి చూసి మెచ్చుకోవడం రెండూ అన్యాయమే. 1992లో ఐక్యరాజ్యసమితి భూ సదస్సులో వెలువడిన రియో ప్రకటన దేశాల గురించి చెప్పిన ఉమ్మడి, కానీ హెచ్చుతగ్గుల బాధ్యత అన్న సూత్రాన్ని నేను మనుషులకూ వర్తింపజేసుకుంటాను. నా ఆదాయం, నా ఇల్లు, నా ప్రయాణాలు సగటు కంటే పైన ఉంటే, నా వంతు కూడా సగటు కంటే పైనే.

అలాగని కొనుగోళ్ళతోనే అంతా మారదు. మళ్ళీ సీసం దగ్గరికే వస్తే, రోడ్డు వాహనాల పెట్రోలులో సీసం కలపడం ప్రపంచమంతటా ఆగింది 2021లో, చివరి దేశమైన అల్జీరియా అమ్మకం నిలిపేసినప్పుడు. ఒక్కొక్క వాహనదారుడు సీసం లేని పెట్రోలు వెతుక్కుని కొనడం వల్ల అది ఆగలేదు. వైద్యులు, శాస్త్రవేత్తలు, పౌరులు దశాబ్దాలపాటు అడగగా అడగగా దేశం తరువాత దేశం నిషేధించింది. దాని ఫలం ఆ పోరాటం గురించి ఎన్నడూ వినని పిల్లలకు కూడా అందింది. అందుకే కొనుగోలుదారుగా నేను చేసే పనుల కంటే పౌరుడిగా చేసేవాటికి ఎక్కువ సమయం పెట్టాలన్నది నా అభిప్రాయం. పర్యావరణ నిర్ణయాల్లో ప్రజలకు సమాచారం పొందే హక్కు, పాల్గొనే హక్కు, న్యాయస్థానానికి వెళ్ళే హక్కు ఉన్నాయని రియో ప్రకటన పదో సూత్రం చెప్పింది. ఐరోపాలో 1998 నాటి ఆర్హూస్ ఒప్పందం, లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల్లో 2021లో అమల్లోకి వచ్చిన ఎస్కాసు ఒప్పందం దాన్ని చట్టం చేశాయి. పర్యావరణాన్ని కాపాడేవారి ప్రాణాలకు రక్షణ కల్పించాలన్న మాట కూడా ఎస్కాసులో ఉంది.

ఇటువంటి హక్కులను వాడుకునే చోటే చదువుకున్నవారికి ఒక పరీక్ష ఎదురవుతుంది. మన ఇళ్ళకు దగ్గరలో చెత్త కేంద్రమో, మురుగునీటి శుద్ధి కేంద్రమో వస్తుందంటే మనం చకచకా సంతకాలు సేకరిస్తాం, వకీలును పెడతాం, పత్రికలవారిని పిలుస్తాం. చాలాసార్లు నెగ్గుతాం కూడా. నెగ్గిన తరువాత ఆ కేంద్రం రద్దు కాదు. సంతకాలు సేకరించే తీరిక, వకీలుకు ఇచ్చే స్తోమత లేనివారి పక్కకు వెళుతుంది. మన చెత్త మాత్రం మనదే, అది రోజూ తయారవుతూనే ఉంటుంది. కనుక అభ్యంతర పత్రం రాసేటప్పుడు ‘ఇక్కడ వద్దు’ అన్న వాక్యం దగ్గర ఆగకూడదు. పరిశీలించిన మిగతా స్థలాలు ఏవి, అక్కడ ఎవరు ఉంటున్నారు, వారితో బహిరంగ విచారణ వారి భాషలో, వారికి వీలైన వేళలో జరిగిందా, పొగ కొలతలను ఎవరైనా చూసేలా రోజూ బయటపెడతారా, అక్కడ పనిచేసేవారికి ఆరోగ్య పరీక్షల ఖర్చు ఎవరిది, మన వీధుల నుంచి వచ్చే చెత్తను సగానికి తగ్గించడానికి మనం ఏ తేదీలోగా ఏం చేస్తాం అన్న ప్రశ్నలను కూడా అదే కాగితం మీద, అవే సంతకాల కింద రాయాలి. సంతకం చేయడానికి వచ్చినవారిలో కొందరు ఆ చివరి ప్రశ్న చదివి వెనక్కి తగ్గుతారు. తగ్గినా సరే, దాన్ని కొట్టేయకుండా పత్రాన్ని సమర్పించాలి.